ఏడేళ్ల స్టోరేజ్: తీసేద్దామా, నడుపుదామా?

సర్వర్ రూమ్ బాధ్యత చూసేవాళ్లకు ఎప్పుడో ఒకరోజు ఈ తగువు తప్పదు. స్టోరేజ్, అంటే డేటా దాచే డ్రైవ్‌ల పెట్టె, కొని ఏడేళ్లయింది. తయారుచేసిన కంపెనీ ‘ఈ మోడల్‌కు ఇక సపోర్ట్ ఉండదు’ అని మెయిల్ పంపింది. పెట్టె మాత్రం బాగానే నడుస్తోంది. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలా, బయటి సంస్థకు ఏఎంసీ (నిర్వహణ, మరమ్మతుల కాంట్రాక్ట్) ఇచ్చి ఇంకో మూడేళ్లు లాగాలా?

కింది సంభాషణ నేను అల్లింది. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రి అనుకోండి. సీటీ, ఎంఆర్ఐ, ఎక్స్‌రే బొమ్మలన్నీ ఒకే స్టోరేజ్‌లో ఉన్నాయి. 12 డ్రైవ్‌లు, ఒక్కోటి 10 టీబీ (టెరాబైట్లు). పదకొండు కలిపి రెయిడ్ 5 గ్రూపు, అంటే ఒక డ్రైవ్ పోయినా మిగతావాటి నుంచి డేటాను తిరిగి కట్టుకోగల అమరిక. పన్నెండోది హాట్ స్పేర్, ఒకటి పోగానే దాని స్థానంలోకి వచ్చేది. అక్కడి ఐటీ మేనేజర్ మార్చేయాలంటారు. మెయింటెనెన్స్ ఇంజనీరు నడపాలంటారు. మనుషులు కల్పితమే గానీ, ఈ పనిలో ఉన్నవాళ్లు రోజూ చేసుకునే వాదనలే ఇవి. నేనెటు మొగ్గుతానో మధ్యమధ్యలో చెబుతాను, దాచను.

మేనేజర్: ఇంజనీరు గారూ, మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. ఏడేళ్ల కిందట ఈ పెట్టెను బిగించింది మీరే. అప్పుడు కంపెనీ మనిషిగా వచ్చారు, ఇప్పుడు బయటి ఏఎంసీ సంస్థ తరఫున వచ్చారు. నడుపుదామనే అంటారని నాకు తెలుసు. నేనైతే కొత్తది కొందామని మేనేజ్‌మెంట్‌కు రాయబోతున్నాను. మీ మాట వినకుండా రాయడం ఇష్టంలేక పిలిచాను.

ఇంజనీరు: సంతోషం మేడం. నడిపితే మా సంస్థకు లాభం, కొంటే అమ్మేవాళ్లకు లాభం. ఆ రెండూ పక్కన పెట్టి పెట్టె సంగతి చూద్దాం. 12 డ్రైవ్‌లు, ఏడేళ్లు. ఇన్నాళ్లలో మూడు పోయాయి. అంటే ఏడాదికి మూడున్నర శాతం. 2007లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు దాదాపు లక్ష డ్రైవ్‌ల రికార్డులు తిరగేశారు. డ్రైవ్ కంపెనీల డేటాషీట్ల లెక్క ప్రకారం ఏడాదికి ఒక శాతం లోపే పోవాలి. వాళ్లకు కనిపించింది సాధారణంగా రెండు నుంచి నాలుగు శాతం, కొన్నిచోట్ల 13 దాకా. మనది ఆ మామూలు హద్దులోనే ఉంది.

మేనేజర్: ఆ పేపర్‌లోనే ఉన్న ఇంకో మాట వదిలేశారు. కొత్తలో కొన్ని పోతాయి, ఆ తర్వాత చాలా ఏళ్లు నిలకడగా ఉంటాయి అని అందరం అనుకుంటాం కదా, వాళ్ల రికార్డుల్లో అలా కనబడలేదు. వయసు పెరిగేకొద్దీ మార్చాల్సిన డ్రైవ్‌లు పెరుగుతూనే పోయాయి. మీరు చెప్పిన మూడున్నర శాతం గడిచిన ఏడేళ్ల సగటు. నా భయం రాబోయే మూడేళ్ల గురించి. పైగా ఈ పన్నెండిట్లో తొమ్మిది మొదటిరోజు పెట్టినవే, ఒకే లాట్‌లో వచ్చినవే. ఒకే వయసు, ఒకే వేడి, ఒకే పని. పోయేటప్పుడు ఒకదాని వెంట ఒకటి పోతే?

ఇంజనీరు: హాట్ స్పేర్ ఉంది కదా మేడం. ఒకటి పోగానే రీబిల్డ్, అంటే పోయినదాని డేటాను స్పేర్ మీద తిరిగి రాయడం, దానంతటదే మొదలవుతుంది.

మేనేజర్: మొదలవుతుంది. పూర్తయ్యేది ఎప్పుడు? 10 టీబీ డ్రైవ్ నిండా రాయాలంటే, సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా 14 గంటలు పడుతుంది. రేడియాలజీ వాళ్లు వాడుతూనే ఉంటారు కాబట్టి మనకు రెండు మూడు రోజులని పెట్టుకోండి. అన్నాళ్లూ మిగిలిన పది డ్రైవ్‌లనూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి, అంటే 100 టీబీ. ఈ తరగతి డ్రైవ్‌లకు కంపెనీవాళ్లే రాసుకున్న హద్దు ఏమిటి? చదివిన ప్రతి 125 టీబీకి చదవలేని చోటు ఒకటి తగలొచ్చని. రెయిడ్ 5లో ఒక డ్రైవ్ అప్పటికే లేదు. ఆ సమయంలో ఇంకోదానిలో చదవలేని సెక్టార్ తగిలితే దాన్ని తిరిగి కట్టడానికి దారి లేదు.

ఇంజనీరు: ఆ అంకె తయారీదారు తనను కాపాడుకోవడానికి రాసుకునేది. ఒక్కసారి ఆలోచించండి. మన కంట్రోలర్ (డ్రైవ్‌లన్నిటినీ నడిపే భాగం) మీడియా స్కాన్ చేస్తుంది. ఖాళీ దొరికినప్పుడల్లా డ్రైవ్‌లన్నిటినీ చదువుకుంటూ పోతుంది. ఒక రౌండ్ అయితే 120 టీబీ చదివినట్టే. ఆ అంకె అక్షరాలా నిజమైతే ప్రతి రౌండ్‌కూ దాదాపు ఒక ఎర్రర్ రావాలి. నేను ఇక్కడికి వచ్చినన్నాళ్లూ లాగ్స్‌లో చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినవాటిని కూడా స్కానే బాగుచేసింది, మిగతా డ్రైవ్‌ల నుంచి లెక్కగట్టి ఆ చోట మళ్లీ రాసేసింది. పాత పెట్టెకు ప్రాణం ఆ స్కాన్‌లోనే ఉంది.

మేనేజర్: ఆ స్కాన్ 14 నెలలుగా ఆగి ఉంది.

ఇంజనీరు: ఆగి ఉందా? ఎవరు ఆపారు?

మేనేజర్: రాత్రి షిఫ్ట్‌లో బొమ్మలు మెల్లగా తెరుచుకుంటున్నాయని ఫిర్యాదు వస్తే మా వాళ్లే ఒకరు ఆపారు. మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తులేదు. నిన్న మీరొస్తారని సెట్టింగ్స్ తీసి చూస్తే బయటపడింది. గూగుల్ 2007లో లక్షకు పైగా డ్రైవ్‌ల మీద చేసిన అధ్యయనం చెప్పిందేమిటి? స్కాన్‌లో మొదటి ఎర్రర్ కనిపించిన డ్రైవ్, అలాంటిది కనిపించని డ్రైవ్‌తో పోలిస్తే, 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు. స్కానే ఆగిపోతే ఆ మొదటి ఎర్రర్ మనకెలా తెలుస్తుంది?

ఇంజనీరు: నా వాదనలో సగం ఆ స్కాన్ మీదే నిలబడి ఉంది, ఒప్పుకుంటాను. కానీ మేడం, ఈ 14 నెలలూ కంపెనీ సపోర్ట్ కాంట్రాక్ట్ అమల్లోనే ఉంది. పెట్టె ప్రతి రాత్రీ తన స్థితిని వాళ్లకు పంపుతూనే ఉంది. ‘మీ స్కాన్ ఆగింది’ అని ఒక్కరైనా ఫోన్ చేశారా?

మేనేజర్: చేయలేదు.

(ఇక్కడ ఒక మాట అడ్డం వస్తాను. డ్రైవ్ పోతే లైటు వెలుగుతుంది, అలారం మోగుతుంది, ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. స్కాన్ ఆగితే ఏ లైటూ వెలగదు. నెలకోసారి ఒక మనిషి కూర్చుని సెట్టింగ్స్, లాగ్స్, బ్యాటరీ స్థితి వరసగా చదవకపోతే ఏ కాంట్రాక్టూ ఆ లోటు తీర్చదు. చాలా సంస్థల్లో ఆ పని ఫలానావాళ్లదని కాగితం మీద రాసి ఉండదు. నాకు కోపం తెప్పించేది అదే.)

మేనేజర్: సరే, కంపెనీ కాంట్రాక్ట్‌ను వెనకేసుకురావడం లేదు. కానీ అది లేకపోతే ఫర్మ్‌వేర్ (పెట్టెను, డ్రైవ్‌లను లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్) రాదు. 2019 నవంబర్‌లో సర్వర్లు, స్టోరేజ్ తయారుచేసే హెచ్‌పీఈ కంపెనీ తన కస్టమర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని సాస్ ఎస్‌ఎస్‌డీలు (సర్వర్లలో వాడే, చిప్‌లతో పనిచేసే డ్రైవ్‌లు) సరిగ్గా 32,768 గంటలు నడవగానే పనిచేయడం ఆగిపోతాయని. అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు. డ్రైవూ తిరిగి రాదు, అందులో డేటా కూడా. మరుసటి ఏడాది మార్చిలో మరికొన్ని మోడళ్లకు 40,000 గంటల దగ్గర అదే కథ. ఒకేరోజు పెట్టిన డ్రైవ్‌లు దాదాపు ఒకేసారి పోతాయి. అప్పుడు రెయిడ్ 5 అయినా, రెండు డ్రైవ్‌లు పోయినా తట్టుకునే రెయిడ్ 6 అయినా ఏం కాపాడుతుంది? కాపాడింది ముందుగా వేసుకున్న కొత్త ఫర్మ్‌వేర్ ఒక్కటే. రేపు అలాంటిదే మన మోడల్‌కు వస్తే, మీ సంస్థ ఆ ఫైల్ తెచ్చివ్వగలదా?

ఇంజనీరు: తేలేం. కాంట్రాక్ట్ ఉన్నవాళ్లకే డౌన్‌లోడ్ తెరుచుకుంటుంది. దొడ్డిదారిన తెచ్చి వేయడం నేను చేయను. మా దగ్గరుండే పార్ట్‌లు వేరే చోట్ల తీసేసిన పెట్టెల నుంచి వచ్చినవి. పరీక్షించి పెడతాం, కానీ అవీ వాడినవే. ఒకటి మాత్రం చెప్పనివ్వండి. మన డ్రైవ్‌లు 60 వేల గంటలు దాటాయి. ఇలాంటి గంటల లెక్క బగ్ వీటిలో ఉంటే ఈపాటికి చాలామటుకు బయటపడేది. ఏడేళ్లు వందల చోట్ల నడిచిన పెట్టె లోపాలేమిటో అందరికీ తెలుసు. కొత్త మోడల్ లోపాలు ఎవరో ఒకరు నష్టపోయాకగానీ తెలియవు.

మేనేజర్: అందుకే కంపెనీ మనుషులు వెనక ఉండాలంటున్నాను.

ఇంజనీరు: కంపెనీ మనుషులు ఉన్నా జరిగేవి జరుగుతాయి మేడం. 2021 డిసెంబర్‌లో జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ దగ్గర ఏమైంది? స్టోరేజ్‌ను చూసుకునేది సరఫరా చేసిన కంపెనీయే. బ్యాకప్ స్క్రిప్ట్‌ను (బ్యాకప్ పని చేసే కమాండ్ల ఫైల్‌ను) మెరుగుపరిచి కొత్తది పెట్టారు. పాతది అప్పటికి నడుస్తూనే ఉంది. నడుస్తున్న స్క్రిప్ట్ ఫైల్‌ను కిందనుంచి మార్చేసరికి అది మధ్యలోంచి కొత్త వరుసలు చదివింది. ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది. పాత లాగ్స్ తుడవాల్సిన కమాండ్ పరిశోధకుల ఫైళ్లను తుడిచేసింది. 77 టీబీ, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు. డ్రైవ్‌లన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి, కాంట్రాక్టూ ఉంది.

మేనేజర్: ఒప్పుకుంటున్నాను. దాన్నుంచి నేను నేర్చుకునేది బ్యాకప్ గురించి. దానికి వద్దాం. ముందు పార్ట్‌ల సంగతి. డ్రైవ్ ఎక్కడైనా దొరుకుతుంది. కంట్రోలర్ పోతే?

ఇంజనీరు: రెండు ఉన్నాయి, ఒకటి పోయినా నడుస్తుంది. ఏఎంసీ తీసుకుంటే ఒక కంట్రోలర్, ఒక పవర్ సప్లై, నాలుగు డ్రైవ్‌లు, క్యాష్ మెమరీకి (డ్రైవ్‌ల మీదికి వెళ్లేముందు డేటా ఆగే చోటు) కావాల్సిన బ్యాటరీ ఇక్కడే మీ బీరువాలో పెడతాం. ఇప్పుడున్న కాంట్రాక్ట్‌లో నాలుగు గంటల రెస్పాన్స్ అని రాసి ఉంది. దాని అర్థం నాలుగు గంటల్లో ఎవరో మాట్లాడతారని, పెట్టె బాగవుతుందని కాదు. పార్ట్ హైదరాబాద్ గోడౌన్ నుంచి బయల్దేరాలి. రాత్రిపూట హైవే మీద లారీలు ఆగితే తెల్లారిపోతుంది. బీరువాలో ఉన్న పార్ట్ పది నిమిషాల్లో చేతికొస్తుంది.

మేనేజర్: వచ్చిన పార్ట్‌ను పెట్టే మనిషి? పోయినసారి మా కుర్రాడు డ్రైవ్ మార్చబోయి పక్క స్లాట్ హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. చూసి కేక వేశాను కాబట్టి సరిపోయింది.

ఇంజనీరు: అది నేర్పాల్సిందే. స్లాట్ నంబర్ చూస్తే చాలదు. స్క్రీన్ మీద సీరియల్ నంబర్ రాసుకోవాలి, ఆ డ్రైవ్ ఏదో చూపించే లొకేట్ లైట్ వెలిగించాలి, ఇద్దరూ చూసి ‘ఇదే’ అనాలి. కొంచెం బయటికి లాగి, లోపలి ప్లాటర్ (డేటా ఉండే బిళ్ల) తిరగడం ఆగేదాకా అర నిమిషం ఆగి, అప్పుడు పూర్తిగా తీయాలి. తీసినదాని మీది సీరియల్ నంబర్ మళ్లీ సరిచూసుకోవాలి. రీబిల్డ్ నడుస్తున్నంతసేపూ ర్యాక్ దగ్గరికి ఎవరినీ రానివ్వకూడదు. మంచి డ్రైవ్‌ను తప్పుగా లాగి గ్రూపును పోగొట్టుకున్నవాళ్లు ఈ రంగంలో తక్కువమంది కాదు.

మేనేజర్: అయితే ఇంత జాగ్రత్త తెలిసిన మీరు కొత్త పెట్టెకు ఎందుకు అడ్డం పడుతున్నారు?

ఇంజనీరు: కొత్త పెట్టె ఎలా వస్తుందో తెలుసు కాబట్టి. మార్చి నెలాఖరుకు బిల్లు కావాలని తొందర. శుక్రవారం సాయంత్రం డెలివరీ, శనివారం ఇన్‌స్టలేషన్, ఆదివారం డేటా మార్చేయడం, సోమవారం ఓపీడీ. డ్రైవ్‌లతో నిండిన పెట్టెను అలాగే ఎత్తి ర్యాక్‌లో పెడతారు. మీరు చూస్తున్న 84 డ్రైవ్‌ల షెల్ఫ్ నిండితే వంద కిలోలు దాటుతుంది. డ్రైవ్‌లన్నీ తీసి, ఖాళీ పెట్టెను ర్యాక్ అడుగున బిగించి, తర్వాత ఒక్కొక్కటీ పెట్టాలి. ముందు అసలు ఆ నేల అంత బరువు మోస్తుందో లేదో కనుక్కోవాలి. రెండు పవర్ సప్లైలనూ ఒకే పవర్ స్ట్రిప్‌కు తగిలించి వెళ్లిపోయినవాళ్లను చూశాను. ఆ స్ట్రిప్ ట్రిప్పయితే రెండూ పోతాయి. ఒకటి ఒక యూపీఎస్‌కు, రెండోది ఇంకో యూపీఎస్‌కు వెళ్లాలి. కంట్రోలర్లను షెల్ఫ్‌లతో కలిపే సాస్ కేబుల్స్ ఒక కంట్రోలర్ నుంచి పైనుంచి కిందికి, రెండోదాన్నుంచి కిందనుంచి పైకి వేయాలి. అప్పుడు మధ్య షెల్ఫ్ పోయినా మిగతావాటికి దారి ఉంటుంది.

మేనేజర్: ఇవన్నీ చేయించే బాధ్యత నాది. చేశారని సంతకం పెడితే సరిపోతుందా?

ఇంజనీరు: సరిపోదు, పీకి చూడాలి. డేటా ఎక్కించకముందే ఒక పవర్ కేబుల్ పీకండి. ఒక కంట్రోలర్ బయటికి లాగండి. సర్వర్ నుంచి వచ్చే రెండు కేబుల్స్‌లో ఒకటి తీసేయండి. ఒక డ్రైవ్ లాగి రీబిల్డ్‌కు ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఖాళీ పెట్టె మీద చేస్తే ఎవరికీ నష్టం లేదు. ఏడాది తర్వాత వీటిలో ఏదీ ధైర్యంగా చేయలేరు. ఇంకోటి, పైన మంటలార్పే గ్యాస్ నాజిల్ ఎక్కడుందో చూసి ర్యాక్ పెట్టండి. 2016 సెప్టెంబర్‌లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంక్ డేటా సెంటర్‌లో మంటలార్పే వ్యవస్థను పరీక్షించారు. గ్యాస్ దూసుకొచ్చిన చప్పుడుకే హార్డ్ డ్రైవ్‌లు దెబ్బతిన్నాయి. దాదాపు పది గంటలపాటు కార్డులు, ఏటీఎంలు పనిచేయలేదు.

మేనేజర్: మీరు చెప్పినవన్నీ కొత్తదాన్ని ఎలా పెట్టాలో చెబుతున్నాయి. పెట్టొద్దని ఒక్కటీ చెప్పడం లేదు.

ఇంజనీరు: తొందరపడి పెట్టొద్దంటున్నాను మేడం. రెండు వారాలు ఖాళీగా నడపడానికి సమయం ఇవ్వలేనివాళ్లు పాతదాన్నే నడుపుకోవడం మేలు.

(నా మొగ్గు మేనేజర్ వైపే. ఫర్మ్‌వేర్ రాని, రెయిడ్ 5లో ఉన్న, ఒకే లాట్ డ్రైవ్‌ల పెట్టెలో రోగుల బొమ్మలకు ఉన్న ఒకే ఒక్క ప్రతిని ఉంచడం తప్పు. కానీ ఇంజనీరు చెప్పిన పరీక్షలు చేయకుండా బిగించిన కొత్త పెట్టె మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు.)

మేనేజర్: ఇక బ్యాకప్. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్ అంటుకుంది. యూపీఎస్ లిథియం బ్యాటరీలను అక్కడినుంచి తరలించే పనిలో ఉండగా నిప్పు పుట్టింది. ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం కాలిపోయింది, 858 టీబీ. పరిమాణం మరీ పెద్దదని దానికి బయట ఇంకో ప్రతి ఉంచలేదు. మనమూ అదే మాట అంటున్నాం కదా, ‘బొమ్మలు చాలా పెద్దవి, డేటాబేస్‌కు మాత్రం బ్యాకప్ చాలు’ అని.

ఇంజనీరు: మన 100 టీబీ అంత పెద్దదేం కాదు. ఎల్‌టీఓ-9 టేప్ (బ్యాకప్‌కు వాడే మాగ్నెటిక్ టేప్ క్యాసెట్) ఒక్కోటి 18 టీబీ పడుతుంది. ఆరు టేపులు. జేబులో పట్టనంత, సంచిలో పట్టేంత. ఇంకో భవనంలో బీరువాలో పెడితే ఇక్కడ నిప్పంటుకున్నా అవి ఉంటాయి.

మేనేజర్: తిరిగి ఎక్కించడానికి ఎంతసేపు?

ఇంజనీరు: ఒక్క టేప్ డ్రైవ్‌తో, సెకనుకు 400 ఎంబీ పూర్తి వేగంతో, దాదాపు 70 గంటలు.

మేనేజర్: రోగి అడిగితే మెడికల్ రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచీ మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. మీ 70 గంటలు అన్నీ సవ్యంగా జరిగితేనే. అత్యవసరంగా ఆపరేషన్‌కు వెళ్లే రోగి పాత సీటీ కోసం డాక్టర్ 70 గంటలు ఆగుతారా? టేప్ ఉండాలి, కాదనను. దాంతోపాటు వెంటనే తెరుచుకునే రెండో ప్రతి కూడా కావాలి.

ఇంజనీరు: అయితే ఆ రెండో ప్రతి ఈ పాత పెట్టెలో పెట్టండి. కొత్తది ఇక్కడ ప్రధానంగా నడుస్తుంది. పాతదాన్ని డేటా మారాక పూర్తిగా తుడిచి, రెయిడ్ 6గా మళ్లీ కట్టి, నర్సింగ్ కాలేజీ భవనంలో పెడదాం. 100 టీబీ బదులు 90 వస్తుంది, హాట్ స్పేర్‌ను కూడా గ్రూపులో కలిపేస్తే మళ్లీ 100. స్పేర్ డ్రైవ్‌లు బీరువాలో ఎలాగూ ఉంటాయి. రెండు డ్రైవ్‌లు పోయినా నిలుస్తుంది. మూడేళ్ల ఏఎంసీ ఇవ్వండి.

మేనేజర్: ఏడాదే ఇస్తాను. మూడు నెలలకోసారి అందులోంచి ఒక రోజు బొమ్మలు తీసి రేడియాలజిస్ట్ స్క్రీన్ మీద తెరిచి చూపించాలి. ఒక్కసారి తెరుచుకోకపోయినా ఏఎంసీ రద్దు. మీడియా స్కాన్ ఆన్‌లో ఉందని నెలనెలా మీ ఇంజనీరు సంతకంతో కాగితం రావాలి.

ఇంజనీరు: ఏడాది అంటే మా వాళ్లు బీరువా నిండా పార్ట్‌లు పెట్టరు మేడం. రెండేళ్లు చేయండి, షరతులన్నీ రాసుకోండి.

మేనేజర్: మొదటి రెండు పరీక్షలు నెగ్గితే రెండో ఏడాది గురించి మాట్లాడతాను. మరి ఇన్నాళ్లలో పోయిన ఆ మూడు డ్రైవ్‌లు ఎక్కడున్నాయి?

ఇంజనీరు: వారంటీలో పోయినవి కదా. కొత్తది ఇచ్చి పాతది పట్టుకెళ్లారు. నిబంధన అంతే.

మేనేజర్: రోగుల పేర్లతో సహా?

ఇంజనీరు: రెయిడ్‌లో డేటా ముక్కలుగా ఉంటుంది, మొత్తం బొమ్మ ఒక్క డ్రైవ్‌లో ఉండదు. కానీ డైకామ్ ఫైల్ (సీటీ, ఎంఆర్ఐ, ఎక్స్‌రే బొమ్మలు ఉండే ఫైల్) మొదట్లోనే పేరు, వయసు ఉంటాయి. ఆ ముక్క ఉన్న డ్రైవ్ దొరికి, దాన్ని చదవగలిగితే పేరు కనిపిస్తుంది. చెడిపోయిన డ్రైవ్‌ను తుడవడం కుదరదు, చాలావాటికి కమాండ్ అందదు. ముక్కలు చేయాల్సిందే. కొత్త పెట్టె కొటేషన్‌లో డ్రైవ్ రిటెన్షన్ అని ఒక లైన్ ఉంటుంది. అది ఉంటే పోయిన డ్రైవ్ మీ దగ్గరే ఉంచుకోవచ్చు, మీ కళ్లముందే నాశనం చేయించుకోవచ్చు. ధర తగ్గించమని బేరమాడితే మొదట ఎగిరిపోయేది ఆ లైనే.

మేనేజర్: (కాగితాలు తిరగేస్తూ) ఇందులో లేదు.

ఇంజనీరు: అయితే ఈ కొటేషన్ మీద సంతకం పెట్టకండి మేడం. ఆ లైన్ చేర్చి, రెండు వారాల ఖాళీ పరీక్షకు కూడా ఒప్పుకున్నట్టు రాయించి మళ్లీ తెప్పించండి.